స్వర్ణయుగ సూపర్‌హీరోలు

అమెరికన్ కామిక్ పుస్తకాల చరిత్రలో 1938 నుంచి 1950ల తొలి సంవత్సరాల దాకా నడిచిన కాలానికి స్వర్ణయుగమని పేరు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ మార్వెల్, కెప్టెన్ అమెరికా, వండర్ ఉమన్ అందరూ ఇందులో మొదటి నాలుగేళ్లలోనే పుట్టారు. పేరులో బంగారం ఉంది కానీ అది చేరింది ప్రచురణకర్తల గల్లాపెట్టెల్లోకి. కథ రాసినవాళ్లకూ బొమ్మ వేసినవాళ్లకూ దక్కింది పేజీకి ఇంత అని లెక్కగట్టిన కూలి. ఈ హీరోలను ఇప్పుడు ఆధునిక పురాణ పురుషులంటున్నారు. వాళ్ల పుట్టుక చూస్తే మాత్రం పురాణం కన్నా అచ్చాఫీసే ఎక్కువ కనిపిస్తుంది. ఒకరి డాలు గుండ్రంగా ఎందుకుంది, ఒకరు గాలిలో ఎందుకు ఎగురుతారు, ఒకరు తుపాకీ ఎందుకు పట్టరు అని అడిగితే జవాబు చాలాసార్లు తపాలా నిబంధన దగ్గరో, పోటీ కంపెనీ ఫిర్యాదు దగ్గరో, సంపాదకుడి భయం దగ్గరో తేలుతుంది.

పది సెంట్ల పుస్తకం

దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలను తిరిగి అచ్చువేసి పుస్తకంగా అమ్మడం 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’తో నిలదొక్కుకుంది. మరుసటి ఏడాది మాల్కమ్ వీలర్-నికల్సన్ అనే మాజీ సైనికాధికారి ‘న్యూ ఫన్’ పేరుతో అన్నీ కొత్త కథలే వేశాడు. పాత బొమ్మల హక్కులు కొనడం కన్నా ఉపాధి లేని కుర్రాళ్ల చేత కొత్తవి గీయించుకోవడం చవక. మహామాంద్యం రోజులు, కుర్రాళ్లకు కొదవ లేదు. 64 పేజీలు, వెల పది సెంట్లు.

గీసినవాళ్లలో చాలామంది యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. పెద్ద పత్రికల్లో, ప్రకటనల సంస్థల్లో వాళ్లకు తలుపులు అంత తేలిగ్గా తెరుచుకునేవి కావు. కాన్ కేన్ అయ్యాడు, కర్ట్‌జ్‌బర్గ్ కిర్బీ అయ్యాడు, లీబర్ లీ అయ్యాడు. మారువేషాల హీరోలను సృష్టించినవాళ్లు ముందు తమ పేర్లే మార్చుకున్నారు. న్యూయార్క్‌లో విల్ ఐస్నర్, జెర్రీ ఐగర్ నడిపిన స్టూడియోలాంటి చోట్ల ఒకరు పెన్సిల్‌తో గీస్తే, ఒకరు సిరా పోసేవారు, మరొకరు అక్షరాలు రాసేవారు. నేతపనిలాగే పని చేతులు మారుతూ సాగేది.

రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చవక న్యూస్‌ప్రింట్ మీద ఎరుపు, నీలం, పసుపు, నలుపు సిరాలతోనే అన్ని రంగులూ పలికించాలి. భూతద్దం పెట్టి చూస్తే హీరో బుగ్గ చిన్న చిన్న చుక్కల పొదలా ఉంటుంది. సున్నితమైన ఛాయలు ఆ కాగితం మీద అలుక్కుపోతాయి. ముదురు ఎరుపు, ముదురు నీలం మాత్రం దుకాణం తీగకు వేలాడినా దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ప్యాంటు మీద నిక్కరు వేసుకుంటారన్న వెటకారం మన దగ్గరా ఉన్నదే. ఆ వేషం ఆనాటి సర్కస్ వస్తాదులది. బిగుతు దుస్తులూ పైన నిక్కరూ కనబడితే, వీడు బలశాలి అని ఏ అమెరికన్ పిల్లవాడికీ విడిగా చెప్పనక్కర్లేదు.

సూపర్‌మ్యాన్

ఒహాయోలోని క్లీవ్‌లండ్‌లో ఒకే బడిలో చదివిన జెర్రీ సీగల్, జో షూస్టర్ 1933లో సూపర్‌మ్యాన్ పేరుతో ఒక కథ సొంతంగా అచ్చువేశారు. అందులో ఆ పేరు దుష్టుడిది. తరవాత అతణ్ని మంచివాణ్ని చేసి, దినపత్రికల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. ఎవరూ తీసుకోలేదు. చివరికి ఆ దినపత్రిక బొమ్మలనే కత్తిరించి, పేజీలుగా అతికించి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికకు ఇచ్చారు. సంచిక మీద తేదీ 1938 జూన్. 13 పేజీలు, పేజీకి పది డాలర్ల చొప్పున 130 డాలర్లు. ఆ డబ్బుతో పాటు పాత్ర మీద సర్వహక్కులూ ప్రచురణకర్త చేతికి వెళ్లాయి.

అట్ట మీద ఆకుపచ్చ కారును తలపైకెత్తి బండకేసి కొడుతున్నాడు ఒక మనిషి. కింద ఎడమ మూలన ఇంకొకడు తల పట్టుకుని, కళ్లు తేలేసి మనవైపే పరుగెత్తుకొస్తున్నాడు. కారెత్తినవాడు మంచివాడో చెడ్డవాడో ఆ బొమ్మను బట్టి చెప్పలేం. లోపల కథ ఒక రాత్రి మొదలవుతుంది. చేయని హత్యకు ఒక స్త్రీకి కాసేపట్లో మరణశిక్ష. అసలు హంతకురాలిని కట్టేసి చంకన పెట్టుకుని సూపర్‌మ్యాన్ గవర్నర్ ఇంటికి వస్తాడు. సేవకుడు తలుపు తీయనంటాడు. తలుపు బద్దలవుతుంది. తరవాత భార్యను కొట్టే మొగుడి వంతు, ఆ పైన సెనేటర్‌ను కొనేసిన ఆయుధాల దళారిది. గ్రహాంతర శత్రువులు లేరు. మురికివాడలు, లంచాలు, గని యజమానుల నిర్లక్ష్యం ఇవీ ఆ తొలి రెండేళ్ల శత్రువులు. నా దృష్టిలో సూపర్‌మ్యాన్ అత్యుత్తమ కథలు ఇవే. బలం పెరిగేకొద్దీ అతని కోపం తగ్గిపోయింది.

అప్పటికి అతను ఎగరలేడు. మైలులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 200 మీటర్లు, గెంతగలడు. ఫిరంగి గుండు అతని చర్మాన్ని చీల్చగలదని మొదటి సంచికే ఒప్పుకుంటుంది. 1940లో రేడియో నాటకం, 1941లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు వచ్చాక గెంతు కాస్తా ఎగరడంగా మారింది. మాటిమాటికీ గెంతి దిగే మనిషి తెరమీద మిడతలా కనిపిస్తాడన్నది యానిమేటర్ల బెంగ. క్రిప్టోనైట్ అనే విషశిల కూడా 1943లో రేడియోలోనే పుట్టింది, పుస్తకాల్లోకి 1949లో గానీ రాలేదు. షూస్టర్ చిన్నప్పుడు టొరంటోలో ఉండేవాడు. అక్కడి డైలీ స్టార్ గుర్తుగా క్లార్క్ కెంట్ పనిచేసే పత్రికకు ఆ పేరే పెట్టారు. డైలీ ప్లానెట్ అన్నది 1940లో చేసిన మార్పు.

యుద్ధం వచ్చేసరికి ఒక చిక్కు వచ్చిపడింది. ఇంత బలవంతుడు ఒక్క పూటలో బెర్లిన్‌ను పడగొట్టడేం? 1942 దినపత్రిక కథలో క్లార్క్ కెంట్ సైన్యంలో చేరబోతాడు. కంటి పరీక్షలో కంగారుపడి ఎక్స్‌రే చూపుతో గోడ అవతలి గదిలోని అక్షరాల పట్టీ చదివేస్తాడు. పరీక్ష తప్పుతాడు. ఇంత తెలివిగా తప్పించుకున్న కథ ఆ కాలంలో మరొకటి కనిపించదు.

కెప్టెన్ మార్వెల్

1940లలో పిల్లలు ఎక్కువగా కొన్నది ఎవరిని అంటే, ఒక దశలో జవాబు సూపర్‌మ్యాన్ కాదు, ఫాసెట్ సంస్థ కెప్టెన్ మార్వెల్. రచయిత బిల్ పార్కర్, చిత్రకారుడు సి.సి. బెక్. 1940 ఫిబ్రవరి తేదీతో ‘విజ్ కామిక్స్’లో తొలిసారి కనిపించాడు. ముఖం సినిమా నటుడు ఫ్రెడ్ మెక్‌ముర్రేది.

వానపడుతున్న రాత్రి, భూగర్భ రైలు స్టేషన్ మెట్ల దగ్గర బిల్లీ బాట్సన్ అనే అనాథ పిల్లవాడు పేపర్లు అమ్ముతుంటాడు. ముఖం కనబడని ఒక మనిషి వెంట రమ్మంటాడు. వింత గుర్తులు గీసిన రైలుపెట్టె వాళ్లను ఒక సొరంగానికి చేరుస్తుంది. గోడ పొడవునా ఏడు విగ్రహాలు, మానవుడి ఏడుగురు శత్రువులు: గర్వం, అసూయ, దురాశ, ద్వేషం, స్వార్థం, సోమరితనం, అన్యాయం. మన అరిషడ్వర్గాలు విన్నవాళ్లకు మదం, మాత్సర్యం, లోభం వెంటనే పోలికపడతాయి. సోమరితనమూ అన్యాయమూ మన లెక్కలో లేవు. చివర సింహాసనం మీద ముసలి మాంత్రికుడు షజామ్, ఆయన నెత్తిన దారానికి వేలాడే రాతిదిమ్మె. సోలమన్ జ్ఞానం, హెర్క్యులీస్ బలం, అట్లాస్ ఓర్పు, జ్యూస్ శక్తి, అకిలీస్ ధైర్యం, మెర్క్యురీ వేగం, ఈ ఆరుగురి తొలి అక్షరాలు కలిస్తే ఆయన పేరు. పిల్లవాడు ఆ పేరు పలుకుతాడు, పిడుగు పడుతుంది, బిల్లీ నిలబడ్డ చోట ఎర్ర దుస్తుల ఆజానుబాహుడు. దారం తెగుతుంది.

ఈ పాత్ర గెలుపు రహస్యం అక్కడే ఉంది. సూపర్‌మ్యాన్ పిల్లలకు అండ. కెప్టెన్ మార్వెల్ పిల్లవాడే. మంత్రం నోరు తిరిగితే చాలు, ఎవరైనా కావచ్చు. బెక్ గీత కూడా అలాగే శుభ్రంగా, ఒక్క వృథా గీటు లేకుండా సాగుతుంది. చాలా కథలు రాసిన ఓటో బైండర్‌ది కొంటె బుర్ర. కోటు తొడుక్కుని మనిషిలా మాట్లాడే టానీ అనే పులి ఆయన సృష్టే. 1943 నుంచి 1945 దాకా 25 భాగాలుగా నడిచిన ధారావాహికలో ప్రపంచ దుష్టులందరినీ ఆడించే మిస్టర్ మైండ్ మొదట గొంతుగానే వినిపిస్తాడు. తీరా బయటపడితే మెడలో చిన్న మైకు, కళ్లజోడు పెట్టుకున్న ఒక పురుగు. చివరికి దానికి కోర్టులో విచారణ జరిపి మరణశిక్ష వేస్తారు. హాస్యమూ గగుర్పాటూ ఇంత సులువుగా కలిసిన కథలు స్వర్ణయుగంలో అరుదు. అమ్మకాలు సంచికకు పది లక్షలు దాటాయి. తెర మీద తొలి కామిక్ సూపర్‌హీరో సీరియల్ కూడా ఇతనిదే, 1941లో రిపబ్లిక్ పిక్చర్స్ తీసింది.

సూపర్‌మ్యాన్ యజమానులైన నేషనల్ సంస్థ, ఇది మా పాత్రకు నకలు అని 1941లో దావా వేసింది. 1948లో విచారణ, 1951లో జడ్జి లెర్నెడ్ హ్యాండ్ అప్పీలు తీర్పు నేషనల్ వైపు. 1953లో ఫాసెట్ 4 లక్షల డాలర్లు కట్టి సూపర్‌హీరో పుస్తకాలకు స్వస్తి చెప్పింది. నకలన్న మాట న్యాయస్థానంలో నిలిచి ఉండొచ్చు గాని, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకు ఆ రెండు లోకాల మధ్య పోలిక అంతగా దొరకదు.

ఆ తీర్పు దెబ్బ సముద్రం దాటింది. ఇంగ్లండ్‌లో ఈ కథలు పునర్ముద్రించే సంస్థకు సరుకు ఆగిపోయింది. 1954లో మిక్ ఆంగ్లో పేర్లు మార్చి ‘మార్వెల్‌మ్యాన్’ తయారుచేశాడు. మంత్రం ‘కిమోటా’, అంటే అటామిక్ అన్న మాటను తిరగేసి పలకడం. ఈలోగా 1967లో మార్వెల్ కంపెనీ కెప్టెన్ మార్వెల్ అన్న పేరుతో తన సొంత పాత్రను తెచ్చింది. అందుకే అసలు కెప్టెన్ మార్వెల్‌ను 1973లో, ఏ సంస్థ ఆపించిందో ఆ సంస్థే తిరిగి తెచ్చినప్పుడు, పుస్తకం మీద ‘షజామ్!’ అని వేసుకోవలసి వచ్చింది.

బ్యాట్‌మ్యాన్

సూపర్‌మ్యాన్ అమ్మకాలు చూసి ఇంకొకణ్ని తెమ్మన్నారు. బాబ్ కేన్ ఎర్ర దుస్తులు, బిర్రబిగుసుకున్న గబ్బిలం రెక్కలు, చిన్న ముసుగు వేసి ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. బిల్ ఫింగర్ అనే స్నేహితుడు రెక్కలు తీసి కేప్ పెట్టమన్నాడు, కొమ్ముల్లాంటి చెవుల ముసుగు తొడిగాడు, బూడిద రంగు దిద్దాడు. బ్రూస్ వేన్ అన్న పేరూ, గోథమ్ అన్న ఊరి పేరూ ఫింగర్‌వే. 1939 మే నాటి ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో వచ్చిన మొదటి కథ రాసిందీ ఆయనే. కానీ కేన్ తన ఒప్పందంలో ఒక్కడి పేరే ఉండేలా చూసుకున్నాడు. ఫింగర్ 1974లో పోయాడు. తెర మీద సృష్టికర్తగా ఆయన పేరు 2015లో గానీ పడలేదు.

తల్లిదండ్రుల హత్య, ప్రతిజ్ఞ అనే నేపథ్యం ఆరు నెలల తరవాత రెండు పేజీల్లో వచ్చింది. తొలి కథల్లో బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టాడు, విమానం నుంచి మరతుపాకీతో కాల్చాడు కూడా. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇకపై చంపడం లేదని కట్టడి చేశాడు. ఇవాళ ఆ పాత్రకు ఆత్మ అనిపించే నియమం మొదట ఒక కార్యాలయ ఆదేశం. 1940 వసంతంలో ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికలో జోకర్ చనిపోవాలి. ఇతణ్ని మళ్లీ వాడుకోవచ్చని ఎల్స్‌వర్త్ చివర్లో ఒక్క గడి చేర్పించి బతికించాడు. అదే ఏడాది వచ్చిన రాబిన్ పుట్టుకకు కారణం మరీ మామూలుది: ఒంటరి డిటెక్టివ్ ఆలోచనలన్నీ బుడగల్లో రాయలేక, మాట్లాడటానికి మనిషి కావాలన్నాడు ఫింగర్.

టైమ్లీ ముగ్గురు

నేటి మార్వెల్‌కు పూర్వరూపం మార్టిన్ గుడ్‌మన్ నడిపిన టైమ్లీ. 1939 అక్టోబరు నాటి ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచికలో కార్ల్ బర్గోస్ హ్యూమన్ టార్చ్, బిల్ ఎవరెట్ నేమోర్ ఉన్నారు. టార్చ్ మనిషి కాదు, గాలి తగలగానే మండే యంత్రమానవుడు. నేమోర్ అమెరికన్ ఓడ కెప్టెన్‌కూ సముద్రగర్భ రాకుమారికీ పుట్టినవాడు. మడమలకు బుల్లి రెక్కలు. ‘రోమన్’ అక్షరాలు తిరగేస్తే అతని పేరు. భూమ్మీది మనుషులంటే ఒళ్లుమంట, న్యూయార్క్ మీద దాడి చేస్తాడు. పది సెంట్ల పుస్తకంలో హీరోయే నగరానికి శత్రువవడం ఆనాటికి పెద్ద సాహసం. నిప్పూ నీరూ 1940లో తలపడ్డాయి, పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి మరీ పోట్లాట పెట్టించుకున్నారు.

మూడోవాడు కెప్టెన్ అమెరికా. జో సైమన్, జాక్ కిర్బీ చేసిన మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది కానీ దుకాణాలకు 1940 డిసెంబరులోనే వచ్చింది. అట్ట మీద అతను హిట్లర్ దవడ పగలగొడుతున్నాడు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఇంకా ఏడాది ఉంది. ఆఫీసుకు బెదిరింపులు వచ్చాయి. బొమ్మ వేసిన కిర్బీ తరవాత నిజంగానే సైనికుడై ఫ్రాన్స్‌లో పోరాడాడు.

మొదటి సంచికలో డాలు త్రికోణం. ఎం.ఎల్.జె. సంస్థ హీరో ‘షీల్డ్’ ఛాతీ కవచంతో పోలిక వస్తోందని ఫిర్యాదు రావడంతో రెండో సంచికకు గుండ్రంగా చేశారు. ఆ డాలు విసరడం ఇంకా విచిత్రంగా మొదలైంది. పత్రికల తక్కువ తపాలా రేటు దక్కాలంటే బొమ్మల్లేని వచనం రెండు పేజీలు ఉండి తీరాలి. పిల్లలు తిప్పేసే పేజీలవి, అందుకే ఆఫీసులో కాఫీలు తెచ్చే కుర్రాడికి అప్పగించారు. మూడో సంచికలోని ఆ రెండు పేజీల కథలో పద్దెనిమిదేళ్ల స్టాన్లీ లీబర్ మొదటిసారి డాలు విసిరించాడు, కింద స్టాన్ లీ అని సంతకం పెట్టాడు.

వండర్ ఉమన్, తదితరులు

విలియం మౌల్టన్ మార్స్టన్ మనస్తత్వవేత్త. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు మారుతుందని పరీక్ష రూపొందించాడు. 1941 చివర ‘ఆల్ స్టార్ కామిక్స్’ 8వ సంచికలో వచ్చిన ఆయన నాయిక చేతిలో నిజం చెప్పించే తాడు ఉండటం వింతేమీ కాదు. తూటాలను ఆపే కడియాలు, ఆయన ఇంట్లోనే భార్య ఎలిజబెత్‌తో పాటు ఉన్న సహచరి ఆలివ్ బర్న్ చేతివి. బొమ్మలు హెచ్.జి. పీటర్‌వి. స్త్రీ బలాన్ని చాటే కథలే అయినా అడుగడుగునా సంకెళ్లూ కట్లూ ఉంటాయి, దాని మీద వాదన నేటికీ తెగలేదు. ఇంత బలమైన మనిషిని జస్టిస్ సొసైటీ హీరోల బృందం కార్యదర్శి పనికి పెట్టుకుంది. 1944 నుంచి ఈ కథల్లో చాలావాటిని రాసిన జాయ్ హమ్మెల్ అనే అమ్మాయి పేరు ఆ పుస్తకాల్లో ఎక్కడా పడలేదు. 2018లో ఆమెకు దక్కిన పురస్కారం పేరు బిల్ ఫింగర్ అవార్డు.

1940 జనవరిలో ఇనుప టోపీకి రెక్కలతో ఫ్లాష్ వచ్చాడు. జూలైలో గ్రీన్ లాంటర్న్. భూగర్భ రైలు పట్టాల మీద కూలీ ఊపే లాంతరు, దానికి తోడు అల్లావుద్దీన్ దీపం, ఇవి రెండూ మార్టిన్ నోడెల్‌కు ఆ ఊహ ఇచ్చాయి. లోహాన్ని లొంగదీసే అతని మాయ ఉంగరం కర్రముక్క ముందు పనిచేయదు. 1941లో జాక్ కోల్ సాగే మనిషిని చేసి ఇండియా రబ్బర్ మ్యాన్ అనబోయాడు. రబ్బరు పాతబడింది, ప్లాస్టిక్ కొత్త వింత అని ప్రచురణకర్త పేరు మార్పించాడు. ప్లాస్టిక్ మ్యాన్ కథల్లో కోల్ గీత చేసే అల్లరి చూసినవాళ్లకు మిగతావారి పోరాటాలు చప్పగా తోస్తాయి. ఐస్నర్ ‘స్పిరిట్’ 1940 జూన్ నుంచి ఆదివారం పత్రికలతో పంచిన ప్రత్యేక అనుబంధం. కథనంలో అందరికన్నా పెద్దమెట్టు. అందులోని నల్లజాతి కుర్రాడి బొమ్మ మాత్రం చూడలేనంత వికారం. ఆ దోషం ఐస్నర్ ఒక్కడిదే కాదు. జపనీయులను కోరలతో గీయని యుద్ధకాలపు పుస్తకం అరుదు. కెప్టెన్ మార్వెల్ కథల్లోని అలాంటి నల్లజాతి పాత్రను న్యూయార్క్ బడిపిల్లల బృందం వెళ్లి నిలదీశాక 1945లో తీసేశారు. 1947లో ఓరిన్ ఎవాన్స్ ఫిలడెల్ఫియాలో నల్లజాతి కళాకారులతోనే ‘ఆల్-నీగ్రో కామిక్స్’ వేశాడు. రెండో సంచిక రాలేదు.

అస్తమయం, పునర్జన్మ

ఈ హీరోలను ఫ్రెడ్రిక్ వెర్థమ్ చంపాడని అభిమానులు చెప్పుకుంటారు. కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఆ మనోవైద్యుడు రాసిన పుస్తకం 1954లో వచ్చింది. అదే ఏడాది సెనేట్ విచారణలు, ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న ‘కామిక్స్ కోడ్’ కట్టుబాట్లు. ఆయన తన ఆధారాలను మార్చి రాశాడని పరిశోధకురాలు కరోల్ టిల్లీ 2012లో చూపింది. అయితే తేదీలు వేరే కథ చెబుతాయి. యుద్ధం ముగిసి సైనికులు ఇంటికి వచ్చాక హీరోల గిరాకీ పడిపోయింది. పాఠకులు నేరం, ప్రేమ, భయం కథలకు మళ్లారు. జస్టిస్ సొసైటీ పుస్తకం 1951లోనే కౌబాయ్ కథల పత్రికగా మారింది. వెర్థమ్ వచ్చేసరికి సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ ఉమన్, ఇంకో ఇద్దరు ముగ్గురు తప్ప పడగొట్టడానికి హీరోలే మిగల్లేదు.

1956లో కొత్త ఫ్లాష్‌తో రజతయుగం మొదలైంది. ఆ కొత్త ఫ్లాష్ చిన్నప్పుడు పాత ఫ్లాష్ కామిక్స్ చదివి పెరిగినవాడు. 1961లో ఇద్దరూ ఒకే కథలో కలుసుకున్నారు. నేమోర్ 1962లో, మంచులో గడ్డకట్టిన కెప్టెన్ అమెరికా 1964లో మార్వెల్ పుస్తకాల్లో తిరిగి లేచారు. తెలుగులో 1980లో ఎన్.టి. రామారావు ‘సూపర్‌మ్యాన్’గా వేసినప్పుడు శక్తి క్రిప్టన్ గ్రహం నుంచి రాలేదు, హనుమంతుడు వరమిచ్చాడు.

సీగల్, షూస్టర్ 1947లో దావా వేసి కొద్ది పరిహారంతో సరిపెట్టుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. షూస్టర్ చూపు మందగించింది. 1975లో, సూపర్‌మ్యాన్ సినిమా తలపెట్టిన సమయంలో, పత్రికల్లో గోల లేచాక, పాత్ర హక్కులున్న వార్నర్ సంస్థ ఏడాదికి 20 వేల డాలర్ల భృతి ఇచ్చి, వాళ్ల పేర్లు తిరిగి వేసింది. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంతకుముందు 2012లో, 1938 మార్చి 1 తేదీతో ఉన్న 412 డాలర్ల చెక్కు వేలానికి వచ్చి లక్షా 60 వేల డాలర్లు పలికింది. మిగతా పనుల బాకీతో పాటు సూపర్‌మ్యాన్‌కు చెల్లించిన 130 డాలర్లు అందులో ఉన్నాయి. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పు రాశారు. అందుకే వెనకవైపు ఇద్దరూ రెండేసి సంతకాలు పెట్టారు, ఒకటి తప్పుగా, ఒకటి సరిగా.